నీళ్ళలో గోతులు తవ్విన మోదిన్

జావా తీరాన తెగల్‌వెదిలో ఎవరైనా కన్నుమూస్తే ముందు కబురు ఊరి మసీదు పనులు చూసే మోదిన్ కస్మూరికి వెళ్ళేది. కూతుళ్ళకీ అల్లుళ్ళకీ ఆ తర్వాత. శవానికి స్నానం చేయించడం, కఫన్ గుడ్డ చుట్టడం, నమాజు చదివించడం, గోతిలో దించడం, ఏడోనాటి అన్నాల దాకా అన్నీ మోదిన్ చేతిమీదుగా జరగాల్సిందే. కబురు అందగానే ఆయన లుంగీ ఎగగట్టి గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్ళేవాడు. నెలపొడుపు ఏనాడో వేళ్ళమీద లెక్కపెట్టేవాడు. సముద్రం పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో తేలితే గాని గడ్డపార ముట్టుకునేందుకు లేదు. పాటుకి తవ్వాలి, పాటులోనే పూడ్చాలి. మధ్యలో ఎవరి ఏడుపన్నా కొంచెం సాగిందా, గోతిలోకి నీళ్ళు వచ్చేస్తాయి.

మొదటినుంచీ ఇలా లేదు. కస్మూరి పుట్టేనాటికి సముద్రం ఊరికి రెండు కిలోమీటర్ల అవతల ఉండేది. పిల్లలు దాన్ని చూడాలంటే పండగ వెళ్ళిన ఏడోనాడు అన్నం మూట కట్టుకుని, పెద్దల చెయ్యి పట్టుకుని వెళ్ళాల్సిందే. ఊరి చుట్టూ వరి. మోదిన్‌కి జీతమంటూ ఉండదు. ఊరు ఒక మడి చూపిస్తుంది, పదవిలో ఉన్నన్నాళ్ళు దాన్ని దున్నుకుని తినాలి. కస్మూరికి ముందు ఆ పదవిలో ఉన్నది ఆయన మామ. ఉన్న ఒక్క కూతురు రుకానాకి సంబంధం చూస్తూ, ఊళ్ళో కుర్రాళ్ళందర్నీ వదిలి కౌలుకి చేసుకునే కస్మూరిని పిలిపించాడు. "గొంతు బాగుంది, నడుం గట్టిది. మోదిన్‌కి ఇంకేం కావాలి?" అన్నాడట. పెళ్ళయిన మూడేళ్ళకి మామ పోయాడు. కస్మూరి తవ్విన మొదటి గొయ్యి ఆయనదే. తవ్వుతుంటే మట్టి ఎండి, పొడిపొడిగా రాలింది. అప్పట్లో ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలని ఎవరికి తోస్తుంది?

ముందు బావులు పాడయ్యాయి. టీలో ఎంత చక్కెర వేసినా అడుగున ఉప్పు తగిలేది. తర్వాత వరి ఈనింది గాని గింజ పట్టలేదు, కంకులన్నీ తాలు. రెండేళ్ళు చూసి, మూడో ఏడు ఊరంతా కూడబలుక్కుని గట్లు కోసేసి ఉప్పునీటిని తామే లోపలికి రానిచ్చారు. మళ్ళన్నీ చెరువులయ్యాయి. పాలబొంత చేపలు వేశారు, రొయ్యలు వేశారు. చెరువుల కోసం ఒడ్డున ఉన్న మడచెట్లు నరికారు. కస్మూరీ నరికాడు. మోదిన్ మడి కూడా మోదిన్ చెరువయింది. పదేళ్ళు ఊరు బాగా బతికింది. తాటాకు కప్పులు పోయి పెంకుటిళ్ళు వచ్చాయి, మసీదుకి నున్నటి పలకలు పరిచారు. ఆ తర్వాత రొయ్యలకి తెగులొచ్చింది. దాని వెనకే సముద్రం వచ్చింది. అడ్డం నిలబడాల్సిన మడచెట్లు లేవు. ఒక్కో పోటుకి ఒక్కో గట్టు తెగి, చెరువుకీ చెరువుకీ తేడా పోయి, చివరికి చెరువుకీ సముద్రానికీ తేడా లేకుండా పోయింది.

ఊరి లెక్కల్లో మటుకు ఆ మడి ఇంకా కస్మూరి పేరునే ఉండేది. పొరుగింటి మషాది దానిమీద ఎన్ని పరాచికాలాడేవాడో. మషాదికి ఒక పడవ, ఒక వల, కట్టేస్తే ఆగని నోరు. కస్మూరిని 'కాంగ్' అని పిలిచేవాడు, అన్నా అన్నట్టు.

"ఏం కాంగ్, జీతం వస్తోందా?"

"ఎక్కడిదయ్యా జీతం."

"రోజూ రెండు పూటలా వస్తూనే ఉందిగా. అదుగో, గుమ్మం దాకా వచ్చింది. దోసిలి పట్టుకోలేక రావట్లేదంటావ్."

కస్మూరి నవ్వేవాడు. నవ్వుతూ అలా చూస్తుంటే మషాది రెండు చేతులూ అడ్డం పెట్టుకునేవాడు. "నావంక అట్టా చూడబాక. కొలతలు తీసుకుంటున్నట్టుంటది. ఊళ్ళో అందరికీ గోతులు తవ్వినోడివి, నిన్ను నమ్మటానికి లేదు."

పోటునీళ్ళు ఇళ్ళలోకి రావడం మొదలయ్యాక నేల ఎత్తు చేసుకోవడమే ఊరి పనయింది. ఎక్కడినుంచో లారీలతో ఎర్రమట్టి తెప్పించి, ఇంట్లో పోసి, దిమ్మిస కొట్టి, పైన సిమెంటు పూసేవారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ నేలమీదా నీళ్ళు. మళ్ళీ మట్టి. కస్మూరి ఇంట్లో మూడుసార్లు ఎత్తు చేశారు. గోడలు పెరగవుగా. కిటికీ మోకాళ్ళ దగ్గరికి దిగింది. వీధి గుమ్మంలోంచి వంగి రావాలి, నడవలో వంగి నడవాలి, చెయ్యెత్తితే పెంకు తగిలేది. రుకానా పొట్టి మనిషి.

"నాకేం, నిలబడే వండుకుంటున్నా. తలొంచని మనిషి తలొంచుకు తిరుగుతున్నాడు, అదే నాకు చూడముచ్చటగా ఉంది," అనేది.

రెండొందల ఇళ్ళ ఊరు వందయింది, ముప్ఫయయింది. వెళ్ళేవాళ్ళు తలుపులూ కిటికీలూ పెంకులూ విప్పుకుని పడవలో వేసుకుని పోయేవారు. మొండిగోడలు నీళ్ళలో మిగిలేవి, వాటిమీద కొంగలు. కస్మూరి కూతురు అల్ఫియా కూడా మొగుణ్ణీ పిల్లనీ తీసుకుని ఐదు కిలోమీటర్ల లోపలున్న జతిలోర్‌లో అద్దెగదికి మారింది. రోడ్డు పక్కన బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పని ఆమెకి. వారంవారం వచ్చి, "బాపా, వచ్చెయ్యండి. రెండు గదులున్నాయి, ఎలాగోలా సర్దుకుందాం," అనేది.

"ఇక్కడ చచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు కదమ్మా," అనేవాడు కస్మూరి. వేళాకోళం కాదది. ముప్ఫై ఇళ్ళలో మిగిలినవాళ్ళు ఎక్కువమంది ముసలివాళ్ళే.

సమాధుల దిబ్బ ఊరికి తూర్పున ఏటి పక్కన ఉండేది. ఊరికన్నా ఎత్తు కాబట్టి నీళ్ళు దానిమీదికి ఆలస్యంగా వచ్చాయి. మొదట్లో గోతి అడుగున చెమ్మ. ఇంకొన్నేళ్ళకి ఊట. బకెట్లతో తోడి, తోడినంతసేపే పొడి అనుకుని, శవాన్ని పడమటివైపు పక్కకి తిప్పి పడుకోబెట్టి, మీద చెక్కలు ఏటవాలుగా పేర్చి మన్ను కప్పేవాడు. నీళ్ళ సంగతి ఆయనకి నేర్పింది మర్ఫూవా ముసలమ్మ. బతికున్నప్పుడు కాదు, పోయాక.

ఆమెని పూడ్చిన మర్నాటి పొద్దున, ఎందుకో మనసాగక ఒక్కడే దిబ్బమీదికి వెళ్ళాడు. పోటు వచ్చి తగ్గింది. మెత్తటి మన్ను కొట్టుకుపోయి, చెక్క ఒకటి పైకి లేచి తేలుతోంది. దాని వెనక తెల్లగా కఫన్ చెంగు. చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. బురదలో మోకాళ్ళమీద కూర్చుని, ముసలమ్మకి క్షమాపణ చెప్పుకుంటూ ఆమెని చేతులతో కిందికి నొక్కాడు. ఊళ్ళోకి పరుగెత్తి వెదురుగడలు నరుక్కొచ్చి, చెక్కలకి అటూ ఇటూ ఏటవాలుగా దిగగొట్టి, పైన అడ్డకర్రలు తాడుతో బిగించాడు. ఖాళీ బియ్యం బస్తాల్లో బంకమన్ను నింపి వాటిమీద పేర్చాడు. సూర్యుడు నడినెత్తికొచ్చేదాకా పట్టింది. అప్పట్నుంచీ అందరికీ అలాగే చేశాడు. అయినవాళ్ళని ఒక పక్కన నిలబెట్టి దువా చదివిస్తూ, వాళ్ళ కంటికి ఆనకుండా తను కట్టు కట్టేవాడు.

అందరూ ఒకటే అడిగేవారు: "అడుగున పొడిగా ఉందా, పాక్ మోదిన్?" పాక్ అంటే అయ్యగారన్నట్టు.

"పొడిగానే ఉందమ్మా," అనేవాడు.

రుకానాకి ఆ మాట చెల్లదు. ఊళ్ళో ఆడవాళ్ళ శవాలకి స్నానం చేయించేది ఆమే; తిరిగొచ్చాక మొగుడి బట్టలు ఉతికేదీ ఆమే. ఏ గోతిలో ఎంత లోతు నీళ్ళున్నాయో లుంగీ చెప్పేది. ఒకనాడు మధ్యాహ్నం అరుగుమీద చేప పొలుసు గీకుతూ, తలెత్తకుండా అంది.

"అల్ఫీ బాపా, నన్ను మాత్రం నీళ్ళలో పెట్టొద్దు."

"ఎవరు ముందో ఎవరు వెనకో దేవుడికెరుక."

"మీరు ముందుపోతే మిమ్మల్ని ఏం చెయ్యాలో నేను చూసుకుంటాలెండి. నా సంగతి చెబుతున్నా. కడిగి, సుగంధం పూసి, తెల్లబట్ట చుట్టి పంపుతాను ఒక్కొక్కళ్ళని. పంపేది బురదలోకని తెలిసి కూడా. నాకది వద్దు."

"సరే," అన్నాడు కస్మూరి. ఆమె చేపని తిప్పి రెండో వైపు గీకడం మొదలుపెట్టింది.

ఆ వారమే ఆయన ఉతికిన చొక్కా వేసుకుని జతిలోర్ మోదిన్ సుల్‌ఖాన్ దగ్గరికి వెళ్ళాడు. సుల్‌ఖాన్ ఇల్లు పొడిగా, ఎత్తుగా, నిలబడి నడిచేట్టు ఉంది. అలవాటుకొద్దీ కస్మూరి గుమ్మంలో వంగి వచ్చాడు. తియ్యటి టీ, వేయించిన అరటిపండు ముక్కలు పెట్టారు. పొలాల మాట, మోకాళ్ళ నొప్పుల మాట, హజ్‌కి పేరిచ్చి పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళ మాట అయ్యాక, టీ అడుగంటాక, వచ్చిన పని చెప్పాడు.

సుల్‌ఖాన్ చిరునవ్వు చెదరలేదు. "మీరడిగితే కాదనేదెవరు కాంగ్? మీ ఊరివాళ్ళు ఇప్పటికే పదకొండు మంది మా దిబ్బమీదే ఉన్నారు. ఊళ్ళో కొంచెం అనుకుంటున్నారనుకోండి, మా స్థలమేదీ అని. నేనేమీ అనుకోను. ఒకసారి పెద్దల చెవిన వేస్తాను. చూద్దాం. ఇంకో ముక్క తీసుకోండి."

కస్మూరి జావా మనిషి, అరవై ఏళ్ళుగా జావా వాళ్ళ మధ్యే బతికాడు. 'చూద్దాం' అంటే ఏమిటో ఆయనకి విప్పిచెప్పక్కర్లేదు. ఇంకో ముక్క తీసుకుని, బాగుందని చెప్పి, లేచి వచ్చేశాడు. రుకానాకి మటుకు, "అడిగాను, ఇస్తామన్నారు," అని చెప్పాడు. ఆమె ముఖం తేటపడింది. ఆ సాయంత్రం కొబ్బరికోరు వేసి ఆకుకూర వండింది.

మరుసటేడు వైశాఖం ఎండల్లో, వంటింట్లో నిలిచిన నీళ్ళలో నడుస్తుంటే ఆమె కాలికి ఏదో గీసుకుంది. పాత రేకు ముక్కో, ఆల్చిప్పో. పసుపు పెట్టుకుంది. మూడోనాటికి కాలు వాచింది, నాలుగోనాటికి ఒళ్ళు కాలిపోయింది, కళ్ళు పచ్చబడ్డాయి. రోడ్డు నీళ్ళకింద ఉండడంవల్ల ఏ బండీ రాదు. మషాది పడవలో పరుపు వేసి పడుకోబెట్టి, అటునుంచి బండిమీద పట్నం తీసుకెళ్ళారు. ఐదురోజులు సూదులిచ్చారు, సీసాలెక్కించారు. ఆలస్యమైందన్నారు. అక్కడ ఉండనంది రుకానా. ఇంటికి తెచ్చిన రెండోనాడు పొద్దున్నే అల్ఫియా చేతిలో నీళ్ళు రెండు చెంచాలు తాగి, మూడోది మింగకుండా కన్నుమూసింది.

ఊళ్ళో ఆడవాళ్ళకి స్నానం చేయించే మనిషి ఆమే కావడంతో, ఇప్పుడెవరు చేయించాలన్నది ఎవరికీ పాలుపోలేదు. చివరికి అల్ఫియా చీరకొంగులాంటి పొడుగాటి గుడ్డ నడుముకి బిగించి తల్లిపక్కన కూర్చుంది. కస్మూరి అడ్డంగా కట్టిన దుప్పటి ఇవతల నిలబడి ఒక్కొక్కటీ చెప్పాడు. ముందు కుడివైపు. ఇప్పుడు జుట్టు. కర్పూరం చివరి నీళ్ళలో. చెప్తున్న గొంతు ఎక్కడా తడబడలేదు. ఎన్నో వందలసార్లు చెప్పిన గొంతది.

క్యాలెండరు చూడక్కర్లేకపోయింది. పున్నమి వెళ్ళి ఒకరోజే అయింది. ఆ నెలల్లో పెద్ద పోటు మధ్యాహ్నం. అప్పటికే దిబ్బమీద అక్కడక్కడా సమాధి రాళ్ళు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

"జతిలోర్ పోదాం పద," అన్నాడు మషాదితో.

"ఒప్పుకున్నారా కాంగ్?"

"పోదాం పద."

మసీదు తాలూకు ఇనుప జనాజా మంచం పడవకి అడ్డంగా పెట్టారు. వెనక పడవలో అల్ఫియా, ఊళ్ళో మిగిలిన తొమ్మిదిమంది మగవాళ్ళు. మషాది నోరు ఆ దారిపొడుగునా మూసుకునే ఉంది. గట్టు దగ్గర దిగేసరికి సుల్‌ఖాన్ ఇంకో నలుగురు పెద్దలతో నిలబడి ఉన్నాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పారు. అందరూ మంచం ముందు తలలొంచారు. సుల్‌ఖాన్ కస్మూరి చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"కాంగ్, నమాజు మా మసీదులో చదువుదాం. మా ఆడవాళ్ళు అన్నాలు వండుతున్నారు."

"స్థలం?"

సుల్‌ఖాన్ వెనక ఉన్నవాళ్ళవంక చూశాడు. వాళ్ళలో పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు. "పాక్ మోదిన్, లోపలంతా కుటుంబాల వరసలండి. మా అమ్మ పక్కన నాకే చోటు లేదు, నిజం చెబుతున్నా. ఆగ్నేయం మూల, మీ ఊరివాళ్ళని పెట్టిన చోట, కాస్త ఖాళీ ఉంది. కాలవ పక్కన. అక్కడైతే ఎవరూ ఏమీ అనరు."

కస్మూరి ఆ మూలకి నడిచివెళ్ళాడు. గడ్డి బాగా పచ్చగా ఉంది. చెప్పులు విప్పి పాదం ఆనించాడు. ఎవరి చేతిలోదో గడ్డపార తీసుకుని ఒక్క పోటు పొడిచి, పైకి లాగి, మొనకి అంటిన మన్ను వేళ్ళతో నలిపి నాలికమీద వేసుకున్నాడు. ఉప్పు. మరీ ఎక్కువేం కాదు. మర్ఫూవా ముసలమ్మ పోవడానికి పదేళ్ళముందు తమ దిబ్బమీద ఉన్నంత.

వెనక్కి తిరిగి చూశాడు. అయిదడుగుల దూరంలో మిట్ట, దానిమీద సున్నంకొట్టిన సమాధుల వరసలు, పొడిగా. పెద్దలు ఎండలో కళ్ళు చికిలించి నిలబడ్డారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. తన ఊరి దిబ్బ పొడిగా ఉన్న రోజుల్లో పరాయి ఊరివాళ్ళు శవంతో వస్తే తనేం చేసేవాడు? తనూ ఒక మూల చూపించేవాడేమో.

"ఇక్కడే," అన్నాడు.

తవ్వడం తనే మొదలుపెట్టాడు. మషాది పార అందుకోబోతే ఇవ్వలేదు. నడుంలోతు వచ్చేసరికి ఊట మొదలైంది. ముందు మడమలు తడిశాయి, తర్వాత చీలమండలు మునిగాయి. పైన అల్ఫియా నిలబడి ఉంది. కస్మూరి ఆమెకి కనబడకుండా గోతికి అడ్డంగా తన ఒళ్ళు పెట్టి, లుంగీ నీళ్ళలోకి జారవిడిచి, బకెట్టు కోసం చెయ్యి చాచాడు.

"బకెట్టెందుకు బాపా?"

"మెత్తమన్ను ఎత్తిపోయాలి."

రుకానాని దించుతుంటే సుల్‌ఖాన్ ఒక చివర పట్టుకున్నాడు, గోతిలోకి చూశాడు, కళ్ళు తిప్పుకున్నాడు. కస్మూరి భార్యని కుడిపక్కకి తిప్పి, చెంప నేలకి ఆనేట్టు కఫన్ ముడి విప్పాడు. చెంప నేలకి ఆనలేదు, నీళ్ళకి ఆనింది. అరచేతితో ఒక మట్టిబెడ్డ ఒత్తి తలకింద పెట్టాడు. చెక్కలు పేర్చాడు. తనతో తెచ్చుకున్న వెదురుగడలు మషాది అందిస్తే దిగగొట్టాడు. ఎందుకని జతిలోర్ వాళ్ళెవరూ అడగలేదు.

పైకి వచ్చి నిలబడితే అల్ఫియా దగ్గరికి వచ్చింది. "అమ్మ భయపడేది ఒక్కదానికే. పొడిగా ఉందా బాపా?"

మిగతావాళ్ళకి ఆ మాట చెప్పడం ఆయనకి ఎప్పుడూ కష్టం కాలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే మాట రాలేదు. దువా చదవాల్సిన గొంతు కదా, ఎండిపోయిందేమో అనుకుని ఎవరో గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. తాగి, "పొడిగానే ఉంది," అన్నాడు.

నలభయ్యోనాటి అన్నాలయ్యాక కస్మూరి మళ్ళీ తెగల్‌వెది వచ్చేశాడు. అల్ఫియా ఎంత చెప్పినా వినలేదు. ఇంట్లో వంగి తిరిగాడు, తనే వండుకున్నాడు, అయిదుపూటలా మసీదులో నమాజుకి పిలిచే బాంకు ఇచ్చాడు. వినడానికి ఆరిళ్ళున్నాయి. ఆ ఏడాది ఇద్దర్ని పూడ్చాడు. ఇద్దర్నీ ఇక్కడి దిబ్బమీదే, వాళ్ళ మనుషులు జతిలోర్ వెళ్దామన్నా, "ఎందుకమ్మా, ఇక్కడ అందరూ మనవాళ్ళే ఉన్నారు," అన్నాడు.

ఊరి లెక్క మూసేశారన్న కబురు ఊరిపెద్ద తెచ్చాడు. పడవ దిగకుండానే కాగితం చదివాడు. తెగల్‌వెది అన్న పేరు ఇక జాబితాలో ఉండదు, ఆరు కుటుంబాలూ పక్క ఊళ్ళో చేరతాయి, మోదిన్ పదవి రద్దు. "మీ సేవలకి కృతజ్ఞతలు అని కూడా రాశారు, పాక్," అని ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"మడి?" అన్నాడు కస్మూరి.

ఊరిపెద్ద ఇబ్బందిగా కాగితం తిరగేశాడు. "మడి గురించి ఏమీ రాయలేదండి."

ఆఖరిగా ఆరు కుటుంబాలూ ఒకే వారంలో వెళ్ళాయి. జనాజా మంచం ఎవరికి ఇవ్వాలో తెలీక కస్మూరి దాన్ని మషాది పడవలో జతిలోర్ తీసుకొచ్చి మసీదుకి ఇచ్చాడు. కాళ్ళు తుప్పుపట్టి ఉన్నాయి.

"ఎక్కండి ఎక్కండి. శవం లేకుండా ఊరేగటం దీనికిదే మొదలు," అన్నాడు మషాది పడవ ఎక్కుతున్నవాళ్ళతో. ఎవరూ నవ్వకపోయేసరికి తనూ నవ్వలేదు. పడవని ఆ నెల్లోనే అమ్మేసి సముద్రం అవతలి పెద్ద దీవిలో ఉన్న కొడుకు దగ్గరికి, పామాయిల్ తోటలకి వెళ్ళిపోయాడు. అక్కడ సముద్రం కనపడదట, నాకదే కావాలని పోయాడు.

జతిలోర్‌లో ఆ అద్దెగదుల వరసలో కస్మూరిని ఎవరూ మోదిన్ అనరు. 'అల్ఫియా వాళ్ళ బాపా' అంటారు, లేదంటే 'ఆ చివరిగది మ్బా', తాతగారన్నమాట. ఎవరన్నా పోతే తనూ టోపీ పెట్టుకుని వెళ్ళేవాడు. వరసలో నిలబడి నమాజు చదివి, వెనక నిలబడి చూసి వచ్చేవాడు. గోతివైపు చూడకుండా ఉండడం మటుకు చేతనయ్యేది కాదు. గురువారం సాయంత్రాలు కాలవ పక్క మూలకి వెళ్ళి రుకానా తలవైపు పూలరేకులు చల్లి కూర్చునేవాడు. రెండేళ్ళు కూర్చోగలిగాడు. మూడో ఏడు పోటుకి కాలవ వెనక్కి తన్నింది. ఆగ్నేయం మూలంతా మడమలోతు నీళ్ళు. తెగల్‌వెది వాళ్ళ పన్నెండు సమాధులూ ఆ నీళ్ళలోనే. మిట్టమీద సమాధులున్నవాళ్ళు కొంతకాలం కాలవకి కట్ట పోయించారు. కట్ట తెగింది. ఇంకో ఏడాదికి మిట్టమీద కూడా, సుల్‌ఖాన్ వాళ్ళ నాన్న సమాధి వరసలో, ఊట కనిపించింది.

సుల్‌ఖాన్ ఒకరోజు పొద్దున్నే గదుల వరస వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో అరటిపళ్ళు. కస్మూరి చాప పరిచాడు, అల్ఫియా టీ పెట్టింది. పొలాల మాట, మోకాళ్ళ నొప్పుల మాట అయ్యాయి. సుల్‌ఖాన్ టీ తాగలేదు.

"కాంగ్, నిన్న ఒకరిని పెట్టాం. ఇవాళ పొద్దున..." అని ఆగిపోయాడు.

"చెక్క లేచిందా?"

సుల్‌ఖాన్ తలూపాడు. పెద్దమనిషి, ముసలివాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఎవరూ చూడలేదు. నేనొక్కణ్ణే చూశాను. ఏం చెయ్యాలో తెలీక పైన కొబ్బరాకులు కప్పి వచ్చాను. ఆ రోజు మీరు మీ ఆవిడకి వెదురుగడలు కొట్టారు కదా."

కస్మూరి కోపం తెచ్చుకుందామనుకున్నాడు. వెతికితే లోపలెక్కడా దొరకలేదు.

"మన్ను బస్తాలు ఎన్నున్నాయి?" అని లేచి, తలుపు పక్కనున్న గడ్డపార తీసుకున్నాడు.

గడ ఎంత పొడుగుండాలో, ఎంత ఏటవాలుగా దిగాలో, అడ్డకర్ర ముడి ఏదో, ఏనాడు ఎన్నింటికి తవ్వడం మొదలుపెట్టాలో ఆ రోజునుంచీ సుల్‌ఖాన్‌కి చూపించాడు. జనపనార తాడుకన్నా కొబ్బరిపీచు తాడు ఉప్పుకి ఆగుతుందనీ, అదీ ఎన్నాళ్ళో ఆగదు కాబట్టి నైలాన్ కొనమనీ చెప్పాడు. అయినవాళ్ళు అడిగితే ఏం చెప్పాలన్నది సుల్‌ఖాన్ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ ఏడాది ఇద్దరూ కలిసి పద్నాలుగుమందిని పెట్టారు.

ఫ్యాక్టరీని కొండల వైపు మారుస్తున్నామని అల్ఫియాకి చెప్పారు. వచ్చేవాళ్ళకి పని ఉంటుంది, రానివాళ్ళకి ఉండదు. మొగుడూ కూతురూ తనూ పెట్టెలు సర్దుకున్నారు. "ఈసారి మీరు కాదంటే కుదరదు బాపా," అంది. అమ్మ ఇక్కడుందన్నాడు కస్మూరి. అమ్మ ఎక్కడుందో ఇప్పుడు మీకైనా చూపించడానికి వస్తుందా అని అల్ఫియా అనబోయి, అనలేదు. చివరికి ఆయన ఒకటే కోరాడు. అక్కడ ఇల్లు చూసుకునేముందు, ఆ ఊరి సమాధుల దిబ్బ ఎవరిదో, పైవాళ్ళని రానిస్తారో లేదో కనుక్కోమన్నాడు. కొండవైపు కాబట్టి పొడిగానే ఉంటుంది, రానిచ్చే సంగతి తప్పకుండా అడుగు అన్నాడు.

పదిరోజులకి ఆమె ఫోన్ చేసింది. గది దొరికిందట, కొళాయిలో మంచినీళ్ళేనట, మెట్లెక్కి వెళ్ళాలట.

"అడిగావా?"

"అడిగాను బాపా." వెనకనుంచి మనవరాలి దగ్గు వినపడింది. "ఊళ్ళో పుట్టినవాళ్ళకేనంట."

"సరే," అన్నాడు కస్మూరి. తర్వాత మనవరాలికి దగ్గు తగ్గిందా అని అడిగాడు. తగ్గలేదంది.